మొదటి నెల కుడి చేతికే

పోయిన వారం హనుమకొండలో ఒక శ్రావణమాసం పెళ్ళికి వెళితే దూరపు చుట్టం ఒకావిడ కలిసింది. నాకు వరసకు అక్క. మాటల్లో వాళ్ళమ్మాయి గిటారు సంగతి వచ్చింది. ఎండాకాలం సెలవుల్లో అడిగితే కొనిచ్చారు, క్లాసులో కూడా చేర్పించారు. ఇప్పుడది కవర్లోనే బీరువా మీద ఉంది. ఎందుకు మానేసిందని అడిగాను.

"పిల్ల వేళ్ళు చిన్నగున్నయి తమ్మీ. ఆ ఎఫ్ కార్డ్ పట్టనికి రాలే. రాత్రిపూట వేళ్ళు మండుతున్నయని ఏడ్సేది. సారు కూడా కష్టమే అన్నడు. ఇగ మేమే మాన్పించినం."

(కార్డ్ అంటే ఒకేసారి మోగే కొన్ని స్వరాల గుంపు. ఎడమ చేతి వేళ్ళతో తీగలు నొక్కి పట్టాలి, కుడి చేత్తో మీటాలి.) ఆ అమ్మాయి పక్కనే కూర్చుని ఉంది. బయట డప్పులు మోగుతుంటే తను కుర్చీ చేతి మీద అరచేతులతో అదే దరువు వేస్తోంది. బయటివాళ్ళు జోరు పెంచితే తనూ పెంచుతోంది. ఎక్కడా తప్పలేదు. మా మాటలు వింటూనే, ఫోన్లో ఏదో చూస్తూనే వేస్తోంది.

ఈ పోస్టు అప్పటి నుంచీ మనసులో తిరుగుతోంది. గిటారు కొత్తగా పట్టినవాళ్ళకు మనం పాఠాన్ని ఎడమ చేతి నుంచి మొదలుపెడుతున్నాం. కుడి చేతి నుంచి మొదలుపెట్టాలి. మొదటి నెల మొత్తం దానికే ఇచ్చేయాలి. ఎడమ చెయ్యి ఆ నెలలో ఏమీ నేర్చుకోకపోయినా నష్టం లేదు. (ఎడమ చేతివాటం వాళ్ళు నేను రాసేదాన్ని తిప్పి చదువుకోండి.)

నొప్పి నిజమే

ముందే చెప్తున్నా, ఎడమ చేతి కష్టాన్ని నేను కొట్టిపారేయడం లేదు. మామూలు అకూస్టిక్ గిటారుకు ఉండేవి స్టీలు తీగలు. తీగల మందాన్ని బట్టి ఆరూ కలిపి 60 నుంచి 75 కిలోల దాకా లాగుతుంటాయి. ఆ తీగను ఇంతకుముందు ఎప్పుడూ నొక్కి ఎరగని మెత్తటి వేలి కొసతో చెక్కకు ఆనించాలి. కొసల దగ్గర చర్మం గట్టిపడటానికి కొన్ని వారాలు పడుతుంది, అదీ రోజూ కాసేపు వాయిస్తేనే.

ఇక ఎఫ్ సంగతి. చూపుడు వేలిని ఆరు తీగల మీదా అడ్డంగా వేసి నొక్కాలి. అది కూడా మొదటి ఫ్రెట్‌లో (మెడ మీద అడ్డంగా దిగేసిన లోహపు గీతలే ఫ్రెట్లు), నట్‌కు, అంటే మెడ చివర తీగలు ఆనే పట్టీకి ఆనుకుని, తీగ బాగా మొండిగా ఉండే చోట. అదే ఆకారాన్ని ఐదో ఫ్రెట్‌లో పట్టమంటే చాలామంది పిల్లలు తంటాలు పడైనా పట్టేస్తారు. అక్కడ దాని పేరు 'ఏ' (A) కార్డ్. పుస్తకంలో ఎఫ్ ముందుంది కాబట్టి ఎఫ్ తోనే కుస్తీ పట్టిస్తారు. ఎనిమిదో తరగతి పిల్లకు మొదటి నెలలోనే అది ఇవ్వడం ఎందుకో నాకు అర్థం కాదు.

పైగా ఆ నొప్పిలో గిటారు వాటా కూడా ఉంటుంది. ఇంట్లో స్కేలు ఉంటే పన్నెండో ఫ్రెట్ దగ్గర పెట్టి, లావు తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎంత ఎడం ఉందో చూడండి. రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. నాలుగు ఉందంటే పెద్దవాళ్ళకే కష్టం. చౌకగా వచ్చే గిటార్లు చాలావరకు తీగలు ఎత్తుగానే వస్తాయి. సాడిల్ (పొట్ట వైపు తీగలు ఆనే పట్టీ) అరగదీసి, మెడ సరిచేసి, పది నంబరు పలుచటి తీగలు వేస్తే అదే గిటారు వేరే గిటారులా అనిపిస్తుంది. మన దగ్గర నలభై దాటే మే నెల ఎండలకు చెక్క ఎండిపోయి ఫ్రెట్ల కొసలు పక్కకు పొడుచుకొచ్చి చేతికి గీసుకుంటాయి. వానాకాలం తేమకు పైచెక్క ఉబ్బి తీగలు ఇంకా పైకి లేస్తాయి. బీరువా మీద పడేసిన గిటారును ఆర్నెల్ల తర్వాత దించి, "అప్పటికంటే ఇప్పుడే కష్టంగా ఉంది" అనేవాళ్ళు అబద్ధమేమీ చెప్పడం లేదు.

ఇదంతా ఒప్పుకున్నాకే నా మాట చెప్తున్నా. నేను చూసినంతలో, నొప్పి ఒక్కదాని వల్లే మానేసినవాళ్ళు తక్కువ. నొప్పి పడ్డాక కూడా పాట రాకపోతే మానేస్తారు. సీ, జీ, డీ, ఈ మైనర్ (Em) కార్డ్స్ అన్నీ వచ్చేశాయి, వేళ్ళు గట్టిపడ్డాయి, అయినా వాయిస్తుంటే ఇంట్లోవాళ్ళకు అది పాటలా వినపడదు. వాయించేవాళ్ళకే వినపడదు.

ఆగిపోయే చెయ్యి

ఎందుకు వినపడదో తెలియాలంటే కొత్తగా నేర్చుకునే పిల్లవాడి పక్కన రెండు నిమిషాలు కూర్చోండి. జీ నుంచి సీకి మారాలి. కుడి చెయ్యి గాలిలో ఆగిపోతుంది. తల వంగి కళ్ళు మెడ మీదికి పోతాయి. ఉంగరం వేలు దాని చోటికి వెళ్తుంది, తర్వాత మధ్య వేలు, తర్వాత చూపుడు వేలు. అన్నీ సర్దుకున్నాయని నమ్మకం కుదిరాక కుడి చెయ్యి దిగుతుంది. ఈలోపు పాట చచ్చిపోయింది.

రోజూ అరగంట ఇలా చేస్తే కార్డ్ మార్చడం వస్తుందని మనం అనుకుంటాం. వస్తుంది కూడా. కానీ దాంతోపాటు కుడి చేతికి ఆగడం కూడా వస్తుంది. రోజూ వందసార్లు ఆపిన చోట చెయ్యి ఆగడమే నేర్చుకుంటుంది. మూడు నెలల తర్వాత ఎడమ చేతికి వేగం వచ్చినా కార్డ్ మారే చోటల్లా కుడి చెయ్యి తడబడుతూనే ఉంటుంది. ఇక అక్కడ ఆగాల్సిన అవసరం లేదని దానికి ఎవరూ చెప్పలేదు మరి.

బాగా వాయించేవాళ్ళను దగ్గర్నుంచి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. కార్డ్ మారే ముందు చివరి పై దెబ్బ (చెయ్యి పైకి పోతూ వేసేది) పడే సమయానికి ఎడమ చెయ్యి అప్పటికే తీగల మీద నుంచి లేచిపోయి ఉంటుంది. ఆ ఒక్క దెబ్బ ఖాళీ తీగల మీద పడుతుంది. వినేవాళ్ళు గమనించరు, గమనించినా చెవికి ఇబ్బందిగా ఉండదు. ఎడమ చేతికి ఆ కాస్త సమయం దొరికేది కుడి చెయ్యి దానికోసం ఆగదు కాబట్టే. ఆగదని తెలిస్తే ఎడమ చెయ్యి ముందే బయల్దేరుతుంది. ఆగుతుందని తెలిస్తే తీరిగ్గా వస్తుంది.

అందుకే ముందు ఆగని చెయ్యి కావాలి. నాలుగు లెక్కల తాళానికి చెయ్యి నాలుగుసార్లు కిందికి, నాలుగుసార్లు పైకి, మొత్తం ఎనిమిది కదలికలు. ఇవి ఎప్పుడూ మారవు. ఏ కదలికలో పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ళ) తీగలకు తగలాలి, ఏ కదలికలో గాలిలోంచి పోవాలి అన్నదే మారుతుంది. అందరికీ మొదట నేర్పే "కింద, కింద-పైన, పైన-కింద-పైన" ఉంది కదా, అందులో మూడో లెక్కకు చెయ్యి కిందికి దిగుతుంది కానీ తీగలకు తగలదు. వీడియోలో బాణం గుర్తులు చూసి నేర్చుకునేవాళ్ళు అక్కడ చెయ్యి ఆపేస్తారు, బాణం లేదు కాబట్టి. చెయ్యి దిగాలి, దెబ్బ పడకూడదు. దీని మీద ఒక వారం కూర్చోవచ్చు.

దీనికి ఎడమ చేతితో ఏ కార్డూ పట్టక్కర్లేదు. ఎడమ చేతి వేళ్ళను తీగల మీద ఊరికే ఆనించాలి, నొక్కకూడదు. తీగ మోగదు, టక్ టక్ మని చప్పుడొస్తుంది అంతే. పిక్ పలుచటిది, అర మిల్లీమీటరుది తీసుకోండి. బొటనవేలికీ చూపుడు వేలి పక్క భాగానికీ మధ్య పట్టుకుంటే కొస కొంచెమే బయటికి కనపడాలి. మొదట్లో భుజం బిగుసుకుపోతుంది, పిక్ జారి గిటారు పొట్టలో పడుతుంది. గిటారును తలకిందులు చేసి ఊపి తీసుకోవడం కూడా పాఠంలో భాగమే. మెట్రోనోమ్ యాప్ (లెక్క తప్పకుండా టక్ టక్ మనేది) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, కాలు నేలకు తడుతూ, గోల చేయకుండా రోజుకు పావుగంట. మణికట్టు వదులైన రోజు మీకే తెలుస్తుంది, పిక్ శబ్దం మారుతుంది.

మన దగ్గర తాళం ముందు నుంచీ ఉంది

ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు సరళీ వరుసలు మొదలుపెట్టిన రోజే తొడ మీద ఆది తాళం వేస్తారు. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, తర్వాత దెబ్బ-తిప్పు, దెబ్బ-తిప్పు. ఎనిమిది లెక్కలు. స్వరం తప్పితే గురువు ఓర్చుకుంటారేమో కానీ తాళం వేసే చెయ్యి ఆగితే ఊరుకోరు. క్లాసికల్ గిటారు నేర్పేవాళ్ళు కూడా మొదట ఖాళీ తీగల మీద కుడి చేతి వేళ్ళకే పని చెప్తారు. మధ్యలో ఈ కార్డ్స్ చార్టులు వచ్చాకే వరస తిరగబడిందని నా అనుమానం.

ఇక మన వైపు డప్పు. కుడి చేతిలో లావుపాటి సిర్ర, ఎడమ చేతిలో సన్నటి సిటికెన పుల్ల. సిర్ర బరువు దెబ్బ వేస్తుంటే సిటికెన పుల్ల మధ్య ఖాళీలు నింపుతుంది. గిటారు మీద లావు తీగల మీద పడే కింది దెబ్బకూ, పలుచటి తీగలను తాకిపోయే పై దెబ్బకూ ఉన్న సంబంధం ఇదే. డప్పు వింటూ పెరిగిన పిల్లకు ఈ సంగతి చార్టు వేసి చెప్పక్కర్లేదు. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడపిల్లలు అడుగు, వంగడం, చప్పట్లు, పాట అన్నీ ఒకేసారి చేస్తారు, అదీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండా. ఇంత ఉన్న పిల్లలను తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, "నీ వేళ్ళు చిన్నవి" అని పంపించేస్తున్నాం. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

కాజీపేట, ఫాతిమానగర్ వైపు చర్చి కోయిర్లలో గిటారు వాయించే కుర్రాళ్ళను గమనించాను. చాలామందికి తెలిసినవి నాలుగైదు కార్డ్స్. కానీ తాళం తప్పరు. ముందు అదేం గొప్పలే అనుకున్నా, తర్వాత కారణం అర్థమైంది. కోయిర్ వాళ్ళకోసం ఆగదు. కార్డ్ అందకపోతే ఆ కార్డ్ వదిలేసి కుడి చెయ్యి ఆడిస్తూనే ఉండాలి, తర్వాతి కార్డ్ దగ్గర కలవాలి. ఇంట్లో గదిలో ఫోన్ ముందు నేర్చుకునేవాడికి ఆ ఒత్తిడి లేదు. వీడియోకు పాజ్ ఉంటుంది.

అమ్మ స్కేలు

నిరుడు సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు మా మేనల్లుడు గిటారు తెచ్చుకున్నాడు. ఇంటర్ చదువుతున్నాడు, వీడియోలు చూసి బాగానే నేర్చుకున్నాడు, ఎఫ్ లాంటి బార్ కార్డ్స్ కూడా పడతాడు. సాయంత్రం అపార్ట్‌మెంట్ కింద ఆడవాళ్ళంతా చేరారు. మా అమ్మ పాట ఎత్తుకుంది.

"అమ్మమ్మా, ఏ స్కేల్?" అన్నాడు వాడు.

"స్కేలేందిరా? నేను పాడుతాంట, నువ్వు కొట్టు" అంది అమ్మ.

వాడు ఫోన్లో ఆ పాట కార్డ్స్ వెతికాడు. దొరికినవి వేరే శ్రుతిలో ఉన్నాయి. కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపెట్టి శ్రుతి పెంచే క్లిప్పు) పెట్టాడు, తీశాడు, ఇంకో చోట పెట్టాడు. ఈలోపు పాట అయిపోయి ఇంకో ఆవిడ ఇంకో పాట ఎత్తుకుంది, మరో శ్రుతిలో. అంతసేపూ వాడి కుడి చెయ్యి గిటారు మీద ఊరికే పడుకుని ఉంది. తెలిసిన కార్డ్స్ అన్నీ తెలిసే ఉన్నాయి, వాటిని ఎక్కడ దించాలో మాత్రం తెలియలేదు.

మర్నాడు ఇద్దరం కూర్చుని చేసిన పని చెప్తాను, కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకు కూడా పనికొస్తుంది. ఆరో తీగను, అంటే అన్నిటికంటే లావుదాన్ని, ఈ (E) స్వరం నుంచి డీ (D)కి దించాం. ట్యూనర్ యాప్ ఉంటే నిమిషం పని. ఇప్పుడు లావు తీగలు మూడూ ఏమీ నొక్కకుండానే డీ, ఏ, డీ పలుకుతాయి. అంటే స-ప-స. తంబురా మోగినట్టే. ఆ మూడు తీగలనే మీటుతూ, కేపోను ఒక్కో ఫ్రెట్టూ పైకి జరుపుతూ అమ్మను పాడమన్నాం. నాలుగో ఫ్రెట్ దగ్గర గొంతూ తీగా కలిశాయి. హార్మోనియం లెక్కలో నాలుగున్నర శ్రుతి. కేపో లేకపోతే రెండు శ్రుతి, రెండో ఫ్రెట్‌లో పెడితే మూడు, ఐదో ఫ్రెట్‌లో ఐదు, ఏడో ఫ్రెట్‌లో ఆరు. ఏ ఇంట్లో ఏ అమ్మమ్మ పాడినా ఎక్కడో ఒక చోట కలుస్తుంది.

ఎడమ చేతికి పని లేదు. ఆరో తీగ మీద బరువు దెబ్బ, నాలుగు, ఐదు తీగల మీద తేలిక దెబ్బలు. వాడికి దరువు కుదరడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అమ్మ మధ్యలో ఆగి, "గిట్ల కొట్టాలె, నిన్న గట్ల దేవులాడుడేంది" అంది. గిటారు నిన్న పట్టినవాళ్ళు కూడా ఇది మొదటి వారంలోనే చేయగలరు. పాట పాడేవాళ్ళు ఇంట్లో ఉంటే చాలు.

ఎడమ చెయ్యి తర్వాత మెల్లగా వస్తుంది. దానికీ ఒక్కసారిగా మూడు వేళ్ళు అక్కర్లేదు. ఆరో తీగను మళ్ళీ ఈకి ఎక్కించి, కింది (పలుచటి వైపు) నాలుగు తీగలనే మీటుతూ మొదటి తీగ, అంటే అన్నిటికంటే పలుచటిదాని మూడో ఫ్రెట్‌లో ఒక్క వేలు పెడితే అది జీ. కింది మూడు తీగలనే మీటుతూ రెండో తీగ మొదటి ఫ్రెట్‌లో ఒక్క వేలు పెడితే సీ. పలుచటి తీగలు కాబట్టి వేలు అంతగా మండదు. ఒక వేలితో ఈ రెండిటి మధ్యా కుడి చెయ్యి ఆగకుండా మారడం వచ్చిన పిల్లకు పూర్తి కార్డ్స్ నేర్పడం ఎంత సులువో నేర్పినవాళ్ళకు తెలుస్తుంది.

సారు చెప్పిన అభ్యంతరాలు

నాకు తెలిసిన గిటారు మాస్టారు ఒకరు ఉన్నారు. ఇదంతా చెప్తే ఓపిగ్గా విని, "నెలంతా టక్ టక్ అనిపిస్తే రెండో నెల ఫీజు ఎవరు కడతరు సార్? పేరెంట్స్ మొదటి వారమే వీడియో అడుగుతరు" అన్నారు. ఇది నవ్వి వదిలేసే మాట కాదు. క్లాసు అద్దె ఆయన కట్టాలి. గ్రేడ్ పరీక్షలకు వెళ్ళే పిల్లలుంటే సిలబస్ వెంట పరిగెత్తాలి. కానీ ఆ వీడియో లెక్కే తీసుకుంటే నా పద్ధతే ఆయనకు లాభం. కార్డ్స్ దారిలో తల్లిదండ్రులకు చూపించడానికి పాట లాంటిది రావాలంటే రెండు మూడు నెలలు. నానమ్మ పాడుతుంటే పిల్ల తాళం తప్పకుండా మూడు తీగలు మీటే వీడియో మొదటి వారంలోనే వస్తుంది.

ఆయన రెండో ప్రశ్న ఇంకా గట్టిది. "మన పిల్లలకు దరువు పుట్టుకతోనే ఉందంటున్నరు కదా, మరి దానికి నెల రోజులు ఎందుకు?" దీని మీద నేను చాలాసేపు ఆలోచించాను. దరువు ఒంట్లో ఉంది, నిజమే. అరచేతుల్లో, పాదాల్లో ఉంది. పిక్ పట్టుకున్న మణికట్టులో లేదు. పెళ్ళిలో కుర్చీ మీద అంత బాగా దరువేసిన అమ్మాయికి పిక్ ఇస్తే మొదటి రోజు చెయ్యి కర్రలా బిగుసుకుంటుంది. తెలిసిన దరువు ఆ మణికట్టులోకి దిగడానికే నెల. కొందరికి రెండు వారాలు చాలు. అప్పుడు రెండు వారాలకే ముందుకు వెళ్ళొచ్చు, నాకేం పట్టుదల లేదు.

మూడో అభ్యంతరం దగ్గర నాకూ పూర్తి జవాబు లేదు. తంబురాలా ఒకే శ్రుతి మీటడం అలవాటైతే, కార్డ్ ఎక్కడ మారాలో చెవికి ఎప్పుడు తెలుస్తుందన్నారు ఆయన. సినిమా పాటల్లో ఆ మార్పే ప్రాణం. నిజమే. అందుకే నెల తర్వాత కూడా స-ప-స దగ్గరే కూర్చోమని నేను అనను. కానీ జానపదం విషయంలో ఆయన దారికి ఉన్న ఇబ్బంది కూడా చెప్పాలి. గిటారు ఫ్రెట్లు స నుంచి పై స దాకా ఉన్న స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి పాతేసినవి. అమ్మ పాడే గాంధారం (గ స్వరం) ఆ మెట్ల మీద నిలబడదు, జారుతుంది. ఒకసారి మేజర్ కార్డ్‌లో ఉండే పై గ వైపు, ఒకసారి మైనర్ కార్డ్‌లో ఉండే కింది గ వైపు. దాని కింద పూర్తి కార్డ్ వేస్తే గిటారు ఒక గాంధారం పలుకుతుంది, అమ్మ ఇంకోటి పాడుతుంది. స-ప మాత్రమే మీటితే ఆ గొడవ లేదు, గొంతు ఎటు జారినా తీగ అడ్డం రాదు.

మొత్తానికి దసరా తర్వాత మొదలయ్యే బ్యాచ్‌కు మొదటి నాలుగు క్లాసులు కుడి చేతికే ఇస్తానని ఒప్పుకున్నారు. తీగ దించడానికి మాత్రం ఒప్పుకోలేదు. పిల్లలు ఇంటికెళ్ళి మళ్ళీ ఎక్కించేటప్పుడు తీగలు తెంపుకుంటారని ఆయన భయం. దానికి బదులు రెండు వేళ్ళతో పట్టే ఈ మైనర్ (Em) కార్డ్ సరిపోతుందంటారు. ఈ మైనర్‌లో గాంధారం ఉంది కదా సార్ అన్నాను. ఉంటే ఏమైంది, వినేవాళ్ళకు తెలియదన్నారు. అమ్మకు తెలుస్తుందన్నాను. ఆ విషయం ఇంకా తేలలేదు.